ఫలితాల అధ్యాయం ముందు పుస్తకం మూసేయండి

ప్రశ్న: నేను నాలుగో తరగతి టీచర్ని. క్లాసులో ముప్పైనలుగురు పిల్లలు. ఎన్నికల గురించి పాఠ్యపుస్తకంలో ఉన్నది రెండే పేజీలు, అవీ నిర్వచనాలు. ఈసారి ఒక పిల్లల నవల చదివించి, దాని ద్వారా చెబుదామనుకుంటున్నాను. క్లాసు లీడరు పదవికి ముగ్గురు పోటీ చేసే కథ, పద్నాలుగు అధ్యాయాలు. ఒకమ్మాయి పెద్దగా మాట్లాడదు, పని మాత్రం చేస్తుంది. ఒకబ్బాయి వాసనొచ్చే రబ్బర్లు పంచి ఓట్లడుగుతాడు. ఇంకొకడు అందర్నీ నవ్విస్తాడు. చేతిలో మూడు వారాలున్నాయి. కానీ భయంగా ఉంది. కిందటేడు క్లాసులో మాక్ ఎలక్షన్ పెడితే రెండే ఓట్లొచ్చిన పాప రెండు రోజులు బడికి రాలేదు. హెడ్మాస్టరుగారేమో "క్లాసులో రాజకీయాలెందుకమ్మా" అంటున్నారు. పిల్లలు ఇంట్లో విన్న పార్టీల గొడవలు క్లాసుకు మోసుకొస్తారేమోనని ఇంకో టెన్షన్. ఎలా మొదలుపెట్టమంటారు?

సమాధానం:

టీచర్‌గారూ,

మీ ఉత్తరం చదువుతుంటే నా కన్ను ఆ వాసనొచ్చే రబ్బరు మీద పడింది. మీరు దాన్ని ఒక ముక్కలో చెప్పేసి ముందుకెళ్ళిపోయారు గానీ, నన్నడిగితే మీ మూడు వారాల పాఠానికి ఇరుసు అదే. దాని దగ్గరికి తీరిగ్గా వస్తాను. ముందు ఆ రెండు ఓట్ల పాప సంగతి చూద్దాం. మీ మనసులో అసలు బరువు అదేనేమో అనిపించింది.

ఆ పాప ఎన్నికలో ఓడిపోయినందుకు ఏడ్చి ఉండదు. క్లాసులో తనంటే ఎంతమందికి ఇష్టమో లెక్కేసి బోర్డు మీద రాసినట్టు అనిపించి ఏడ్చి ఉంటుంది. పైగా ఆ రెండింట్లో ఒకటి తనదే అయినా అయ్యుండొచ్చు. తొమ్మిదేళ్ళ పిల్లకు అభ్యర్థిని కాదనడం వేరు, తనను కాదనడం వేరు అని ఎలా తెలుస్తుంది? నేనూ ఒకప్పుడు ఇదే పొరపాటు చేశాను. నలుగురు పోటీ చేశారు. నలుగుర్నీ బోర్డు దగ్గర నిలబెట్టి, వాళ్ళెదురుగానే ఒక్కో చీటీ విప్పి పేరు చదివాను. ఒక బాబుకి సున్నా. తన పేరు తనే రాసుకుంటే బాగుండదని పక్కనున్న వాడికి వేశాడట. ఆ ఏడాదంతా వాడు దేనికీ చెయ్యెత్తలేదు.

అందుకే మీ చేతిలో నవల ఉండటం మంచిదైంది. పోటీ చేసేవాళ్ళు కాగితం మీద ఉన్నారు. వాళ్ళను ఎంత తిట్టుకున్నా, ఎంత చిత్తుగా ఓడించినా, సాయంత్రం ఎవరూ ఏడుస్తూ ఇంటికి పోరు. ఈ మూడు వారాల్లో మీ పిల్లల్లో ఒక్కర్ని కూడా అభ్యర్థిగా నిలబెట్టకండి. ముప్పైనలుగురూ ఓటర్లే.

చదవడం మీరే పైకి చదవండి. అందరి దగ్గరా పుస్తకం ఉండక్కర్లేదు, ఒక్క కాపీ చాలు. రోజుకు ఒకటో రెండో అధ్యాయాలు, ఇరవై నిమిషాలు. అధ్యాయం అయిపోగానే "దీని నుంచి మనం ఏం నేర్చుకున్నాం?" అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్న వినగానే పిల్లల మొహాలు ఎలా మారతాయో మీకు తెలియనిది కాదు. కథ కాస్తా పాఠమైపోతుంది. నామినేషన్, ప్రచారం, ఓటరు జాబితా, చెల్లని ఓటు లాంటి మాటలు కథలో వచ్చినచోట రెండు ముక్కల్లో చెప్పి, బోర్డు మీద ఓ మూల రాసి వదిలేయండి. బట్టీ పట్టించకండి.

ఫలితాలు వచ్చే అధ్యాయానికి ముందు పుస్తకం మూసేయండి. మిగిలిన పేజీలకు రబ్బరు బ్యాండు వేసేయండి, పిల్లలు చూస్తుండగానే. చదివిన పేజీలు మాత్రం తిరగేసుకోనివ్వండి. గోల చేస్తారు, చేయనివ్వండి. ఎవరు గెలిచారో తెలిశాక ఎవరికి ఓటెయ్యాలో ఆలోచించే పిల్లాడు ఉండడు. గెలిచినవాళ్ళే మంచివాళ్ళని అనుకుంటాడంతే. ఫలితం తెలియనప్పుడే ఎన్నిక ఎన్నికలా ఉంటుంది.

ఇప్పుడు మీ పిల్లలు ఓటేయాలి, అయితే తమలాగా కాదు. నవల్లో పేరున్న పిల్లలు ఎంతమందో లెక్కపెట్టండి. పది పన్నెండు మంది తేలతారు. ఆ పేర్లు చీటీల మీద రాసి పంచండి. ఒక్కో పాత్రకు మీ క్లాసులో ముగ్గురు వస్తారు. ప్రతి ఒక్కరూ ఆ పాత్రగా ఓటెయ్యాలి. వెనక బెంచీలో కూర్చుని కథంతా ఒక్క మాటా మాట్లాడని కుర్రాడు ఉంటాడు చూడండి, ఇలాంటి నవలల్లో ఒకడు తప్పకుండా ఉంటాడు. వాడి చీటీ వచ్చిన పిల్లకు మొదట కోపం వస్తుంది, "వీడు ఏమీ మాట్లాడలేదు కదా టీచర్, వీడికేం కావాలో నాకెలా తెలుస్తుంది?" అని. వెనక్కెళ్ళి వెతుక్కోమనండి. నాలుగో అధ్యాయంలో వాడి పెన్సిల్ పోతే ఎవరు వెతికిపెట్టారు, నవ్వించేవాడి జోకులో వాడి ప్రస్తావన ఎక్కడుంది, అవన్నీ వెతుకుతుంది. ఓటరు ఆలోచించడమంటే ఏమిటో అలా వెతకడంలోనే తెలుస్తుంది, మనం విడిగా చెప్పక్కర్లేదు.

ఒకే పాత్ర వచ్చిన ముగ్గురూ ఒకేలా ఓటెయ్యాలని లేదు. నోటుబుక్కులో తమ పాత్రకు ఒక్కో అభ్యర్థి గురించి ఏం తెలుసో, ఏ పేజీలో తెలిసిందో రాసుకోమనండి. ఎవరికి వేస్తారో రాయొద్దు, పక్కవాళ్ళకు చెప్పొద్దు. పాత్ర పేరు పెట్టుకుని ఓటేయడంలో ఇంకో లాభం ఉంది. స్నేహాలు, అలకలు ఈ లెక్కలోకి రావు. "నా ఫ్రెండు కాబట్టి" అనడానికి వీల్లేదు, ఆ అభ్యర్థి తన పాత్రకు ఫ్రెండో కాదో పుస్తకంలోనే ఉంటుంది. అభ్యర్థుల పాత్రలు వచ్చినవాళ్ళు తమకు తామే వేసుకోవచ్చా అని అడుగుతారు. వేసుకోవచ్చు. నా సున్నా ఓట్ల బాబుకి ఆ మాట నేను ముందే చెప్పి ఉండాల్సింది.

ఓటింగుకు ముందురోజు ఓటరు జాబితా గోడకు అంటించి, అందర్నీ తమ పేరు చూసుకోమనండి. మన దేశంలో 1951-52లో మొదటి సాధారణ ఎన్నికలప్పుడు చాలామంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పడానికి ఇష్టపడక ఫలానావారి భార్యననో, ఫలానావారి తల్లిననో రాయించుకున్నారు. అలాంటి పేర్లు సుమారు 28 లక్షలు జాబితా నుంచి తీసేయాల్సి వచ్చింది. ఈ సంగతి చెప్పి ఊరుకోండి. చెప్పాక మీ క్లాసులో జాబితా దగ్గర జనం ఎలా మూగుతారో చూడండి. ఆ ఎన్నికల గురించే ఇంకొకటి కూడా చెప్పొచ్చు. అప్పట్లో ఒక్కో అభ్యర్థికీ ఒక్కో పెట్టె ఉండేది, పెట్టె మీద గుర్తు. ఓటరు తన కాగితాన్ని తనకు కావాల్సిన గుర్తున్న పెట్టెలో వేయడమే. చదువు రానివాళ్ళు కూడా ఓటేయగలగాలి కదా. నవల్లో ముగ్గురికీ గుర్తులు మీ పిల్లల చేతే గీయించండి. రబ్బర్ల అబ్బాయి గుర్తు రబ్బరు కావచ్చా కాకూడదా అన్నదాని మీద పావుగంట వాదన నడుస్తుంది, గడియారం చూడకండి.

ఇక రబ్బరు దగ్గరికి వద్దాం.

ఆ అధ్యాయం చదివిన రోజున ఒకటే అడగండి: "రబ్బరు తీసుకున్నవాళ్ళు అతనికే ఓటెయ్యాలా?" చాలామంది వెయ్యాలనే అంటారు. "తీసుకున్నాం కదా టీచర్, వెయ్యకపోతే మోసం" అంటారు. నాకు ఈ జవాబు మొదటిసారి విన్నప్పుడు గుండె గుభేలుమంది. తర్వాత ఆలోచిస్తే, పిల్లల తప్పేం లేదు. తీసుకున్నదానికి మాట నిలబెట్టుకోవాలని మనమే నేర్పాం. ఆ మంచి గుణాన్నే కదా రబ్బరు పంచేవాడు వాడుకుంటున్నది. మీరు అప్పుడే ఖండించకండి. లంచం తప్పు అని చెప్పేస్తే వాళ్ళు తలలూపి ఊరుకుంటారు, నమ్మరు. ఆ ప్రశ్నను అలాగే వేలాడదీసి ఉంచండి.

మర్నాడు ఒక చిన్న పని చేయండి. రేపటి ఆటల పీరియడ్‌లో బయట ఆడుకోవడమా, లోపల బొమ్మలు వేసుకోవడమా అని ముందు చేతులెత్తించి లెక్కపెట్టండి. చేతులెత్తే క్షణంలో మీరు చేతుల్ని చూడకండి, కళ్ళను చూడండి. సగం మంది చెయ్యెత్తే ముందు పక్కకు తిరిగి తమ క్లాసులో గట్టి పిల్లాడు ఎటు ఎత్తుతున్నాడో చూస్తారు. ఒక చెయ్యి భుజం దాకా లేచి, చెవి గోక్కుని, కిందికి దిగిపోతుంది. రెండు అంకెలూ బోర్డు మీద రాయండి. అరగంట తర్వాత అదే ప్రశ్నకు చీటీలు రాయించండి, పేరు లేకుండా. నేను చేసినప్పుడు చేతుల లెక్కలో బొమ్మలకు నలుగురే ఉన్నారు, చీటీల్లో పదకొండుమంది తేలారు. బోర్డు మీద నాలుగు పక్కన పదకొండు వేసి, నేను మాట్లాడకుండా కూర్చున్నాను. కాసేపటికి ముందు బెంచీ పాప అంది, "ఇప్పుడు వాడికి తెలీదుగా టీచర్" అని. ఆ "వాడు" ఎవరో అందరికీ తెలుసు.

అప్పుడు రబ్బరు ప్రశ్న మళ్ళీ తీయండి. చీటీ మీద పేరు లేకపోతే రబ్బరు తీసుకున్నవాళ్ళు ఎవరికి వేశారో అతనికి ఎలా తెలుస్తుంది? తెలియకపోతే అన్ని రబ్బర్లు కొనడం దేనికి? క్లాసులో ఎవరో ఒకరు ఈ ముడి విప్పుతారు. ఆ పిల్ల మొహం చూడటానికైనా ఈ పాఠం చెప్పాలి. ఒకరోజు ఆలస్యమైనా ఆగండి, జవాబు మీరు అందించకండి.

వాళ్ళే కనిపెట్టాక చరిత్ర చెబితే కథలా వింటారు. ఒకప్పుడు ఇంగ్లండులో ఓటరు అందరి ముందూ నిలబడి తన ఓటు ఎవరికో పైకి చెప్పాలి. భూమి కౌలుకిచ్చిన యజమాని, పని ఇచ్చే ఆసామి అక్కడే నిలబడి వింటుండేవాళ్ళు. ఎవరు ఎవరికి వేశారో పుస్తకాలుగా అచ్చు వేసేవారు కూడా. 1856లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా, సౌత్ ఆస్ట్రేలియాల్లో రహస్య బ్యాలెట్ చట్టాలు వచ్చాయి. బ్రిటన్‌లో 1872లో వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులోనే పాంటిఫ్రాక్ట్ అనే ఊళ్ళో జరిగిన ఉపఎన్నికలో మొదటిసారి అలా ఓట్లు వేశారు. ఓట్ల పెట్టెకు లక్క సీలు వేయడానికి వాడిన ముద్ర ఏమిటో తెలుసా? ఆ ఊళ్ళో అతిమధురం మిఠాయిల మీద కొట్టే ముద్ర. ఈ ముక్క చెబితే మీ పెట్టెకు ఏ ముద్ర వేయాలో పిల్లలే తేలుస్తారు, మీరు దిగులు పడక్కర్లేదు.

ఓటింగు రోజు అట్టపెట్టె, బల్ల మీద అడ్డుగా ఒక చార్టు, లోపల పెన్సిలు, ఇంతే. లైను కట్టించండి, జాబితాలో పేరు పక్కన టిక్కు పెట్టించండి. దీని గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

లెక్కింపుకు మాత్రం ఒక పూర్తి పీరియడ్ ఉంచండి. చాలామంది టీచర్లు పది నిమిషాల్లో తేల్చేసి చప్పట్లు కొట్టించే ఘట్టం ఇదే. నాకైతే పాఠమంతటిలో అతి ముఖ్యమైనది ఇదే అనిపిస్తుంది. ముగ్గురు అభ్యర్థుల తరఫున ముగ్గురు ఏజెంట్లు బల్ల చుట్టూ నిలబడాలి. ఒకరు చీటీ విప్పాలి, ముగ్గురికీ చూపాలి, ఇంకొకరు బోర్డు మీద గీత గీయాలి, నాలుగు గీతల మీద అయిదోది అడ్డంగా. ఏ చీటీ చెల్లుతుంది, ఏది చెల్లదు అన్న నియమం పెట్టె తెరవకముందే రాసి పెట్టాలి. తెరిచాక పెట్టిన నియమం నియమం కాదు. ఎంత ముందు రాసినా ఒక తలనొప్పి చీటీ వస్తుంది. నా క్లాసులో ఒక చీటీ మీద ఒక పేరు రాసి కొట్టేసి, ఇంకో పేరు రాసి, దాని కింద "సారీ" అని ఉంది. ముగ్గురు ఏజెంట్లూ ఒక్క మాట మీద లేరు. ఎవరికి ఆ చీటీ వస్తే లాభమో వాళ్ళు చెల్లుతుందన్నారు, మిగతా ఇద్దరూ చెల్లదన్నారు. "ఆ చీటీ మీ అభ్యర్థికి వచ్చి ఉంటే ఏమనేవాళ్ళు?" అని అడిగితే ముగ్గురూ నేల చూపులు చూశారు.

ఒక్క ఓటు ఏం చేస్తుందంటారా, 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో ఒక అభ్యర్థికి 62,216 ఓట్లు వస్తే ప్రత్యర్థికి 62,215 వచ్చాయి. సమానంగా వస్తే? మన చట్టం ప్రకారం లాటరీ తీస్తారు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో 2017 ఎన్నికలో ఒక సీటుకి ఇద్దరికీ సమానంగా ఓట్లొస్తే, 2018 జనవరిలో గిన్నెలోంచి చీటీ తీసి తేల్చారు. పిల్లలు ఇది నమ్మరు. నమ్మకపోతే మంచిదే, ఇంకేం చేసుంటే బాగుండేదో వాళ్ళనే చెప్పమనండి.

ముగ్గురు పోటీలో ఉండటం మీ అదృష్టం. ఉదాహరణకి నవ్వించేవాడికి 14, పనిచేసే అమ్మాయికి 11, రబ్బర్ల అబ్బాయికి 9 వచ్చాయనుకోండి. నవ్వించేవాడే గెలిచాడు. కానీ 20 మంది అతన్ని కోరుకోలేదు. ఇది న్యాయమేనా? మన దగ్గర ఎక్కువ ఓట్లొచ్చినవాళ్ళే గెలిచినట్టు. ఫ్రాన్సులో అధ్యక్ష ఎన్నికకైతే ఎవరికీ సగానికి మించి రాకపోతే పై ఇద్దరికీ మళ్ళీ ఓటింగు పెడతారు. కుదిరితే మర్నాడు ఆ రెండో ఓటింగూ పెట్టి చూడండి. గెలిచేవాళ్ళు మారిపోవచ్చు. మారితే క్లాసు హోరెత్తిపోతుంది. ఏది సరైన పద్ధతో మీరు చెప్పకండి, పెద్దపెద్దవాళ్ళే ఇంకా తేల్చుకోలేదు.

ఆ తర్వాతే పుస్తకానికి వేసిన రబ్బరు బ్యాండు తీయండి. మీ పిల్లలు ఒకర్ని గెలిపించి, రచయిత ఇంకొకర్ని గెలిపిస్తే ఇంకా మంచిది. ఇలాంటి నవలల్లో సాధారణంగా మంచిపిల్లే గెలుస్తుంది, ఓడినవాళ్ళు వచ్చి కావలించుకుంటారు, అందరూ కలిసిపోతారు. నాకు ఆ ముగింపులు అంతగా రుచించవు. అందుకని పదిహేనో అధ్యాయం పిల్లల చేత రాయించమంటాను. ఎన్నికై నెల అయింది, ఇచ్చిన మాటలు ఏమయ్యాయి? రోజూ రెండు ఆటల పీరియడ్లు ఇప్పిస్తానని ఎవరైనా చెప్పి ఉంటే, అసలు క్లాసు లీడరుకు ఆ అధికారం ఉందా? ఓడినవాడు నెలంతా ఏం చేశాడు? ఓడిన అభ్యర్థి వైపు నుంచి ఒక్క పేజీ అయినా రాయమనండి. మీ రెండు ఓట్ల పాప ఇప్పుడు అయిదో తరగతిలో ఉండి ఉంటుంది. నవల చదివేటప్పుడు వచ్చి వినమని పిలవండి, వస్తే సంతోషం. రానంటే బలవంతం చేయకండి.

హెడ్మాస్టరుగారికి ఒకే మాట చెప్పండి: పార్టీల పేర్లు, జెండాలు, గుర్తులు, ఇప్పుడున్న నాయకులు, ఇవేవీ క్లాసులోకి రావు, ఉన్నదల్లా ఒక కథల పుస్తకం. నవల ఒకసారి ఆయన చేతికిచ్చి చదవమనండి. లెక్కింపు రోజున పెట్టె సీలు విప్పడానికి ఆయన్నే పిలిస్తే ఇంకా బాగుంటుంది. తల్లిదండ్రులకు కూడా ముందే నాలుగు వాక్యాల చీటీ పంపండి.

అయినా ఎవడో ఒకడు లేచి "మా నాన్న వాళ్ళ పార్టీయే గెలుస్తుంది టీచర్" అంటాడు. ఉలిక్కిపడకండి, కోప్పడకండి. "ఇంట్లోవాళ్ళ ఓటు వాళ్ళది. ఇక్కడ నీ చేతిలో ఉన్న చీటీ ఎవరిది? వాళ్ళ గురించి చెప్పు" అని కథలోకి లాగండి. అంతకన్నా ఇబ్బందైనది ఇంకోటుంది, రబ్బరు సంగతి మాట్లాడుతుంటే ఎవరో "మా ఇంటికి కూడా ఇచ్చారు" అనొచ్చు. ఎవరిచ్చారు, ఎంతిచ్చారు అని అడగనే అడగొద్దు, మిగతావాళ్ళనూ అడగనివ్వొద్దు. ఆ పిల్ల ఇంటి గుట్టు క్లాసులో పడకూడదు. మళ్ళీ నవల్లో రబ్బరు దగ్గరికే వెళ్ళండి. ఏ ఇంటి గురించీ మాట్లాడకుండానే ఆ పిల్లకు అందాల్సింది అందుతుంది.

"మీరెవరికి వేస్తారు టీచర్?" అని కూడా అడుగుతారు. నవ్వి, అడ్డుగా పెట్టిన ఆ చార్టు వైపు చూపించండి. "మాకెప్పుడు ఓటొస్తుంది?" అంటే 18 ఏళ్ళకని, 1989కి ముందు అది 21 అని చెప్పండి. చాలా దూరమని నిట్టూరుస్తారు. అంత దూరం ఆగలేని వాళ్ళకోసం ఒక నిజం ఎన్నిక పెట్టొచ్చు. తర్వాత ఏ పుస్తకం చదవాలి? మూడు పుస్తకాలు అభ్యర్థులు, ఒక్కోదాని తరఫున ఇద్దరు మాట్లాడతారు, రహస్య ఓటింగు. ఇక్కడ ఓడేది పుస్తకమే. కానీ ఒక షరతు ఉంది టీచర్‌గారూ. గెలిచిన పుస్తకం మీకు నచ్చకపోయినా అదే చదవాలి. మీకు చదవడానికి ఇష్టం లేని పుస్తకాన్ని మొదటే పోటీలో పెట్టకండి, పెట్టాక మాత్రం తప్పించుకోకండి. పిల్లలు చూసేది అదే.

ఇంకొక్కటి. లెక్కింపయ్యాక చీటీలు చెత్తబుట్టలో వేయకండి. కట్టలు కట్టి, కవరులో పెట్టి, ముగ్గురు ఏజెంట్ల చేత సంతకాలు పెట్టించి దాచండి. రెండు రోజుల తర్వాత ఎవరో ఒకరు వచ్చి, తాము సరిగ్గా చూడలేదని, మళ్ళీ లెక్కపెట్టమని అడుగుతారు. విసుక్కోకుండా కవరు విప్పి, మొదటి చీటీ నుంచి మళ్ళీ లెక్కపెట్టండి.